పెదవి కుట్టించాం... మరి పళ్ల సంగతి?

"హకీమ్ సాబ్! మూడో నెలలో పెదవి కుట్టించాం. ఏడాది నిండాక అంగిలి కూడా కుట్టించాం. ఇప్పుడు పాపకు ఎనిమిదేళ్లు. కొత్త పళ్లేమో ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి. ఆ పక్కనే చూస్తే వేలు పట్టేంత సందు. ఎముకలకు బలమిచ్చే మాజూన్ ఏదైనా రాసివ్వండి, పళ్లు సర్దుకుంటాయి కదా?"

టానరీ రోడ్డు నుంచి వచ్చిన ఒక తల్లి ఈ మధ్య అడిగిన మాట ఇది. హిందూపురం నుంచి, కదిరి నుంచి, మదనపల్లె నుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన మన కుటుంబాల్లో ఈ ప్రశ్న అడిగేవారు ఇంకా ఉన్నారు. అందుకే ఈ వారం దీని గురించే రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. పళ్లను జరిపే మాజూన్ యునానీలో లేదు. వేరే ఏ వైద్యంలోనూ లేదు. తిన్న మందుతో పన్ను వరుసలోకి రాదు. ఎవరైనా వస్తుందని చెప్పి డబ్బు తీసుకుంటే అది వైద్యం కాదు. కానీ ఆ తల్లి సరైన వయసులో వచ్చింది. ఎనిమిదేళ్లంటే సరిగ్గా రావలసిన సమయమే. ఇంకో నాలుగేళ్లు ఆగి వచ్చి ఉంటే నేను ఇంత ధైర్యంగా మాట్లాడేవాణ్ని కాదు. ఎందుకో వివరంగా చెబుతాను.

గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు

మన రాయలసీమ పల్లెల్లో దీన్ని గ్రహణం మొర్రి అంటారు. గర్భవతి గ్రహణం వేళ కత్తి పట్టుకుందనీ, కూరగాయ తరిగిందనీ, వక్క కొరికిందనీ అందుకే బిడ్డ పెదవి చీలిందనీ చెబుతారు. మన ఇళ్లలోనూ నానీలు, దాదీలు "గహన్ లగ్ గయా" అంటూ కోడలి వైపు చూడటం నేను కళ్లారా చూశాను. ఇది శుద్ధ అపోహ. బిడ్డ పై పెదవి తల్లి కడుపులో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల అతుక్కుంటుంది. అంగిలి పన్నెండో వారానికల్లా మూసుకుంటుంది. అంటే చాలామంది తల్లులకు నెల తప్పిందని రూఢి అయ్యేలోపే పెదవి తయారు కావడం అయిపోతుంది. ఆ తర్వాత ఎన్ని గ్రహణాలు పట్టినా అతుక్కున్న పెదవి చీలదు. కోడలి మీద నేరం మోపడం మానుకోండి.

అసలు కారణం ఒక్కటి కాదు. వంశంలో ఉండటం ఒకటి. తల్లికి అదుపులో లేని చక్కెర వ్యాధి, పొగ పీల్చడం, మూర్ఛకు వాడే కొన్ని రకాల మాత్రలు కూడా తోడవుతాయి. మేనరికం, దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో ఇది కొంత ఎక్కువగా కనిపించిందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే సుమారు 700 మంది శిశువుల్లో ఒకరు ఇలా పుడుతున్నారు. తల్లిదండ్రులు ఇద్దరికీ లేకుండా ఒక బిడ్డకు వచ్చి ఉంటే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు నుంచి ఐదు వరకు ఉంటుంది. మూర్ఛ మాత్రలు వాడుతున్న తల్లులు బిడ్డ కోసం అనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడాలి. మాత్రలు తమంతట తాము మానేయకూడదు, అది ఇంకా ప్రమాదం.

ఈ సంగతి ఇంతటితో వదిలి పళ్ల దగ్గరికి వద్దాం.

ఒక పక్క సందు, ఇంకో పక్క ఇరుకు

పళ్లు నాటుకోవడానికి పై దవడలో ఒక ఎముక గట్టు ఉంటుంది. మీ పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి చూసుకోండి. గుర్రపు నాడాలాగా ఎక్కడా తెగకుండా తగులుతుంది. పెదవితో పాటు చిగురు కూడా చీలి పుట్టిన పిల్లల్లో ఈ గట్టు ఒకచోట తెగి ఉంటుంది. కొందరిలో రెండు వైపులా తెగి ఉంటుంది. మూడో నెలలో వైద్యులు కుట్టేది పైన కనిపించే పెదవిని. లోపలి ఎముక మాత్రం చాలామందిలో తెగినది తెగినట్టే ఉంటుంది. బయటికి ముఖం బాగుపడింది కనుక ఇంట్లో ఎవరికీ ఆ సంగతి గుర్తుండదు. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేటప్పుడు అది బయటపడుతుంది.

ఆ తెగిన చోటు ఎక్కువగా ముందుపళ్ల పక్కన ఉండే చిన్న పన్నుకూ, కోరపన్నుకూ మధ్య వస్తుంది. ఆ చిన్న పన్నును పక్కపన్ను అందాం. చీలిక ఉన్న పిల్లల్లో ఎక్కువ ఇబ్బంది పడేది ఇదే. కొందరిలో అసలు పుట్టదు. కొందరిలో మేకులాగా సన్నగా వస్తుంది. ఇంకొందరిలో ఒకటి రావలసిన చోట రెండు వస్తాయి. నడిమి ముందుపన్ను కూడా తన పక్కన ఎముక లేక చీలిక వైపు తిరిగిపోయి, అడ్డంగా నిలబడుతుంది. పన్ను పుట్టని చోట సందు. అదనంగా పుట్టిన చోట తోపులాట. ఒకే దస్తర్‌ఖాన్ మీద ఒక మూల చోటు ఖాళీగా పడి ఉంటే, ఇంకో మూల మోకాళ్లు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నట్టు అన్నమాట. ఒక నోట్లోనే ఇరుకూ సందూ రెండూ ఎలా వస్తాయని అడిగే తల్లిదండ్రులకు నేను ఇలాగే చెబుతాను.

ఇరుకుకు ఇంకో కారణం ఉంది. ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి. అంగిలి కుట్టిన చోట మచ్చ ఏర్పడుతుంది. చేతి మీద కాలిన గాయం మానాక చర్మం బిగుసుకోవడం మీరు చూసే ఉంటారు. అంగిట్లో మచ్చ కూడా అలాగే బిగుసుకుంటుంది. బిడ్డ పెరిగే కొద్దీ కింది దవడ మామూలుగా పెరుగుతుంది, పై దవడ మాత్రం ఆ బిగువుకు వెనకబడి ఇరుకుగా ఉండిపోతుంది. పళ్ల కొలత తగ్గదు, వాటికి ఉండే చోటు తగ్గుతుంది. దాంతో పన్ను మీద పన్ను ఎక్కుతుంది. నోరు మూస్తే పై పళ్లు కింది పళ్లకు లోపలి వైపు పడతాయి.

ఇది మచ్చ వల్లనేనని ఎలా తెలిసింది? మన పొరుగు దేశం శ్రీలంక వల్ల కూడా తెలిసింది. లండన్ వైద్యుడు మైకేల్ మార్స్, ఆయన బృందం 1984లో అక్కడ పని మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఆపరేషన్ అందక, చీలికతోనే పెద్దవాళ్లయిన వారిని పరీక్షించారు. అలాంటి వారిలో చాలామందికి పై దవడ దాదాపు మామూలుగానే పెరిగి ఉంది! అయితే అంగిలి కుట్టించకపోతేనే మేలని మాత్రం ఎవరూ అనుకోకండి. సకాలంలో అంగిలి మూయకపోతే మాట ముక్కులోంచి వస్తుంది, పెద్దయ్యాక దాన్ని సరిచేయడం చాలా కష్టం. తిన్నదీ తాగిందీ ముక్కులోకి వస్తుంది. మాట ముఖ్యం. పళ్లను తర్వాత సరిచేసుకోవచ్చు, కానీ వేళకు సరిచేయాలి.

పెదవి మాత్రమే కొంచెం చీలిన పిల్లలకు పళ్ల ఇబ్బంది తక్కువ. కొందరికి అసలు ఉండదు. అంగిలి మాత్రమే చీలిన వారికి ఎముక గట్టు తెగదు కాని దవడ ఇరుకు కావచ్చు. మూడూ చీలిన పిల్లల తల్లిదండ్రులు మాత్రం కింద రాసేది రెండుసార్లు చదవాలి.

కోరపన్ను దిగేలోపు

పై కోరపన్ను సాధారణంగా పదకొండు, పన్నెండేళ్లకు దిగుతుంది. చీలిక ఉన్న పిల్లల్లో పళ్లు తయారుకావడం కొంచెం ఆలస్యం కూడా. ఆ పన్ను దిగవలసిన దారిలోనే ఎముక తెగి ఉంది. ఎముక లేని చోట పన్ను నిలబడదు. దిగినా వేరు బయటపడి కొన్నాళ్లకే కదిలిపోతుంది. లేదా దారి దొరక్క లోపలే పడుకుంటుంది.

అందుకని కోరపన్ను దిగకముందే ఆ సందులో ఎముక నింపుతారు. దీన్ని బోన్ గ్రాఫ్టింగ్ అంటారు. బిడ్డ తుంటి ఎముక లోపల ఉండే మెత్తని ఎముక గుజ్జును కొంచెం తీసి, చిగురు తెరిచి, ఆ సందులో కూర్చి కుట్టేస్తారు. కొద్ది రోజులు బిడ్డ కుంటుతూ నడుస్తాడు, తర్వాత తగ్గిపోతుంది. కొన్ని నెలల్లో ఆ గుజ్జు గట్టి ఎముక అవుతుంది. కోరపన్ను ఆ కొత్త ఎముకలోంచే కిందికి దిగుతుంది. పన్ను దిగి నమలడం మొదలుపెడితే ఆ ఎముక అరిగిపోకుండా నిలుస్తుంది. ముందు భాగంలో ముక్కుకూ నోటికీ మధ్య రంధ్రం మిగిలి ఉంటే దాన్నీ అప్పుడే మూస్తారు. ఆ వైపు కుంగిన ముక్కుకు కూడా కింద ఆధారం దొరుకుతుంది.

1972లో అమెరికా వైద్యులు ఫిలిప్ బాయిన్, నెడ్ సాండ్స్ ఈ పద్ధతిని వివరించారు. ఆ తర్వాత నార్వేలోని ఓస్లో వైద్యులు వందల మంది పిల్లలకు ఇది చేసి, ఏళ్ల తరబడి పరీక్షించి చూశారు. కోరపన్ను దిగకముందు చేస్తే ఎముక బాగా నిలుస్తుందనీ, దిగాక చేస్తే అంత బాగా నిలవదనీ తేలింది. అప్పటి నుంచి ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను వేరు సగం నుంచి మూడింట రెండు వంతులు తయారైన సమయం చూసి చేయడం ఆనవాయితీ అయింది. ఆ సమయం పుట్టినరోజు లెక్కతో తెలియదు, ఎక్స్‌రేతోనే తెలుస్తుంది. ఇరుకైన దవడను అంతకు ముందే, చాలామందిలో, అంగిలికి తీగ బిగించి కొన్ని నెలల పాటు మెల్లగా వెడల్పు చేస్తారు. ఈ లెక్కన బిడ్డను ఏడో ఏటనే చూపించాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక టింబర్ వ్యాపారి తన కూతుర్ని తీసుకువచ్చాడు. దగ్గుకు మందు కోసం వచ్చారు. వెళ్లబోతూ తల్లి ఆగి, "పళ్లు ఇలా వస్తున్నాయి, ఏం చేయమంటారు?" అంది. పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. "ఇప్పుడే తొందరెందుకమ్మా, పాలపళ్లన్నీ ఊడి కొత్తవి వచ్చేయనీ, అప్పుడు క్లిప్పులు వేయిద్దాం" అన్నాను. మామూలు పిల్లలకు ఎగుడు దిగుడు పళ్ల విషయంలో అందరూ చెప్పే మాటే అది. ఆ పాప మామూలు వరుసలో లేదని నాకు తట్టలేదు. పద్నాలుగో ఏట క్లిప్పుల కోసం వెళ్తే ఎక్స్‌రేలో కోరపన్ను అంగిలి లోపల అడ్డంగా పడుకుని కనిపించింది. ఎముక సందు అలాగే ఉంది. ఆ వయసులోనూ గ్రాఫ్టింగ్ చేశారు గాని కొంత ఎముక కరిగిపోయింది, ఆ పన్నును కిందికి లాగడానికి ఇంకో చిన్న ఆపరేషన్, ఆపైన మూడేళ్ల క్లిప్పులు. ఆ వ్యాపారి నన్ను ఒక్క మాట అనలేదు. తల్లి మాత్రం, "ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది కదా సాబ్" అంది. ఆ తర్వాత నుంచి చీలిక ఉన్న పిల్లలు దేనికి వచ్చినా ముందు వయసు అడుగుతాను, తర్వాత నోరు తెరవమంటాను.

పద్నాలుగు దాటిపోయిందని నిరాశ పడనక్కర లేదు. పెద్దవారికీ గ్రాఫ్టింగ్ చేస్తారు. ఫలితం తక్కువ, శ్రమ ఎక్కువ. అంతే తేడా.

డబ్బున్నవారు చేసే పొరపాటు

పేదవారు ఆలస్యం చేస్తే డబ్బు లేక. మన స్థిరపడిన కుటుంబాలు చేసే పొరపాటు వేరు. ఇంటి పక్క క్లినిక్‌లో నేరుగా క్లిప్పులు వేయించేస్తారు. అమ్మాయికి పదిహేడు దాటింది, రిష్తాలు వస్తున్నాయి, ఫోటో బాగా రావాలి, ఆరు నెలల్లో పళ్లు వరుసలోకి తెమ్మని అడుగుతారు. ఎముక లేని సందులోకి తీగతో పన్నును లాగితే వేరు ఎముక బయటికి వచ్చేస్తుంది. మంచి పన్ను చేజేతులా పోతుంది. క్లిప్పులు వేసే ముందు ఆ చోట ఎముక ఉందా అని అడగండి, ఎక్స్‌రే చూపించమనండి. చీలిక పిల్లలకు అలవాటైన దంత వైద్యుడైతే మీరు అడగక ముందే చూపిస్తారు.

ఇంకో పొరపాటు, వంకరగా వచ్చిన పన్నును పీకించేయడం. "అడ్డంగా ఉంది, తీసేస్తే పక్కవాటికి చోటు దొరుకుతుంది" అని ఎవరో చెబుతారు. చీలిక అంచున ఉన్న పన్ను తన చుట్టూ ఉన్న కాస్త ఎముకను నిలబెడుతూ ఉంటుంది. పన్ను పోతే ఆ ఎముక కూడా కరుగుతుంది. అదనపు పళ్లు తీయవలసి వస్తే గ్రాఫ్టింగ్‌కు కొన్ని వారాల ముందు, ఆ శస్త్రవైద్యుడు చెప్పినప్పుడు తీయించాలి. పాలపళ్లకూ ఇదే మాట. పుచ్చిన పాలపన్నును "ఎలాగూ ఊడేదే కదా" అని వదిలేస్తారు. అది వేళ కాకముందే పోతే పక్క పళ్లు ఆ చోటులోకి జరిగి, ఉన్న ఇరుకు ఇంకా పెరుగుతుంది.

గ్రాఫ్టింగ్ అయ్యాక, శాశ్వత పళ్లు వచ్చాక, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల ప్రాంతంలో పూర్తి క్లిప్పులు వేస్తారు. పక్కపన్ను పుట్టని పిల్లలకు రెండు దారులు. కోరపన్నును ముందుకు జరిపి, దాని మొన అరగదీసి పక్కపన్నులా తీర్చడం ఒకటి. చోటు అలాగే ఉంచి కట్టుడు పన్నో, ఇంప్లాంటో పెట్టడం రెండోది. ఓస్లో వైద్యులు ఎక్కువ మందిలో మొదటి దారినే పట్టారు. సొంత పన్ను సొంత పన్నే కనుక నాకూ అదే నచ్చుతుంది, కానీ ఇది దవడ చూసి వైద్యుడు తేల్చవలసిన విషయం. ఇంప్లాంటు మాత్రం ఎదుగుదల ఆగాక, అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్లు దాటాకే. మగపిల్లలకు ఇంకా ఆలస్యంగా. కొందరిలో పై దవడ మరీ వెనకబడి ఉంటే ఎదుగుదల ఆగాక దవడను ముందుకు జరిపే ఆపరేషన్ కూడా అవసరమవుతుంది. క్లిప్పులు తీశాక ఇచ్చే రిటైనర్‌ను మూలన పడేయకండి. అంగిలి మచ్చ ఇంకా లాగుతూనే ఉంటుంది కనుక ఈ పిల్లల్లో పళ్లు మళ్లీ వెనక్కి జరగడం మామూలు వారిలో కంటే ఎక్కువ.

యునానీలో దీనికి ఏముంది?

మందు లేదన్నాను గాని యునానీలో అసలు మాటే లేదనలేదు. మన వైద్యంలో నాలుగు దారులు ఉన్నాయి. ఇలాజ్ బిద్ దవా, ఇలాజ్ బిల్ గిజా, ఇలాజ్ బిత్ తద్బీర్, ఇలాజ్ బిల్ యద్. చివరిది చేతితో చేసే వైద్యం, అంటే శస్త్రచికిత్స. స్పెయిన్‌లోని కార్డోబా దగ్గర జీవించిన అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ సుమారు వెయ్యేళ్ల కిందట కితాబ్ అత్ తస్రీఫ్ అనే ముప్పై భాగాల గ్రంథం రాశారు. చివరి భాగం శస్త్రచికిత్స. అందులో పళ్లకు పట్టిన గార గీకడం, చోటు తప్పి మొలిచిన పన్నును కోసి అరగదీయడం, కదిలే పళ్లను బంగారు తీగతో కట్టడం ఉన్నాయి. పరికరాల బొమ్మలు కూడా వేసి చూపించారు. ఆయన కాలంలో చోటు తప్పిన పన్నును కోయడం తప్ప జరపడం తెలియదు. ఇప్పుడు జరపడం తెలుసు. ఇలాజ్ బిల్ యద్ అవసరమైన చోట మాజూన్ డబ్బా ఇచ్చి పంపడం జహ్రావీ దారి కాదు.

మనకు మిగిలిన పని నోటిని శుభ్రంగా ఉంచడం. ఇది చిన్న పని కాదు. చీలిక ఉన్న పిల్లల పళ్లు మిగతా పిల్లల కంటే ఎక్కువగా పుచ్చుతాయి. చీలిక పక్కన ఉన్న పళ్లకు పైపూత పలచగా ఉంటుంది, ఇరుకు సందుల్లో తిండి ఇరుక్కుంటుంది, కుట్టిన పెదవి బిగువుగా ఉండి బ్రష్ లోపలికి పోదు. తల్లులు ఆ మచ్చ దగ్గర నొప్పి పుడుతుందేమోనని వదిలేస్తారు. పుచ్చిన పళ్లు, వాచిన చిగుళ్లు ఉంటే గ్రాఫ్టింగ్ వాయిదా వేస్తారు. వేసినా చీము పట్టే ప్రమాదం ఉంది. అంటే రోజూ రాత్రి పళ్లు తోమించకపోతే ఆ సరైన వయసు చేజారవచ్చు.

బిడ్డను ఒళ్లో తల పెట్టి పడుకోబెట్టుకోండి. ఎడమ చేతి వేలితో పై పెదవి మెల్లగా పైకెత్తండి. చిన్న తల ఉన్న మెత్తని బ్రష్‌తో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత పెట్టి, అడ్డం తిరిగిన పన్నుకు ముందూ వెనకా తోమండి. ఎనిమిదేళ్లు వచ్చే వరకైనా ఈ పని మీరే చేయాలి. మిస్వాక్ వాడే అలవాటు ఉంటే మంచిదే, దాని చివర బాగా నమిలి మెత్తబడ్డాక వాడించండి. కానీ చీలిక పక్కన, వంకర పళ్ల వెనక అది చేరదు కనుక రాత్రి బ్రష్ తప్పనిసరి.

సనూన్‌ల విషయంలో ఒక హెచ్చరిక. తుమ్మ బెరడు, పటిక, లవంగం కలిసిన మంచి సనూన్ పెద్దవారి చిగుళ్లకు పనికొస్తుంది. చీలిక ఉన్న పిల్లలకు వద్దు. గరుకు పొడి ఆ పలచని పైపూతను అరగదీస్తుంది. అంగిట్లో రంధ్రం మిగిలి ఉంటే పొడి అందులోంచి ముక్కులోకి పోతుంది. ఇటుక పొడి, బొగ్గు పొడి అసలే వద్దు. పొగాకు కలిసిన పళ్లపొడి ఇంట్లో ఎవరికీ వద్దు. రంధ్రంలో నూనె చుక్కలు, పసుపు, తేనె వేయడం కూడా మానుకోండి. తిన్నాక గోరువెచ్చని నీటితో నోరు పుక్కిలించడం చాలు. ఆపరేషన్ అయిన వారాల్లో పుక్కిలించడం కూడా శస్త్రవైద్యుడు చెప్పాకే.

ఆహారంలో ప్రత్యేకమైన పథ్యం లేదు. జిగురుగా పళ్లకు అంటుకునే మిఠాయిలు, పడుకునే ముందు చక్కెర పాలు, సీసాతో తీపి షర్బత్ తగ్గించండి. రంజాన్‌లో ఖర్జూరం తిన్న ప్రతిసారీ నోరు కడిగించండి. క్లిప్పులు ఉన్నప్పుడు గట్టి చక్కిలాలు, ఎముక కొరకడం ఆపించండి. పేచీ పెట్టే పిల్లలకు పాయా పులుసు ఇవ్వవచ్చు, అందులో కొరకవలసింది ఏమీ లేదు.

ఇంకో మాట మక్తబ్ ఉస్తాదుల కోసం. సీన్, సాద్, షీన్ వంటి అక్షరాలు పలకాలంటే నాలుక కొన పళ్ల దగ్గర గాలిని అదుపు చేయాలి. ముందుపళ్లలో సందు, అంగిట్లో రంధ్రం ఉన్న బిడ్డ ఎంత ప్రయత్నించినా గాలి తప్పిపోతుంది. బిడ్డ సోమరితనం వల్ల కాదు, మందలించి లాభం లేదు. స్పీచ్ థెరపీకి పంపాలి. ఆ సంగతి ఉస్తాదుకు మీరే ముందుగా చెప్పండి. బడిలో తొర్రి అని పిలిచే తోటి పిల్లల గురించి కూడా టీచరుతో మాట్లాడండి. ఆ మాటలకు భయపడి చేయి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లలు ఉన్నారు.

బెంగుళూరులో ఎక్కడికి వెళ్లాలి?

ఒక్క డాక్టరు చేసే పని కాదు ఇది. శస్త్రవైద్యుడు, పళ్లు సరిచేసే ఆర్థోడాంటిస్ట్, మాట నేర్పేవారు, చెవి వైద్యుడు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ చేయాలి. అలాంటి జట్టు ఉన్న చోటికే వెళ్లండి. వసంతనగర్‌లోని భగవాన్ మహావీర్ జైన్ ఆస్పత్రి చీలిక పెదవి ఆపరేషన్లకు ఈ ఊళ్లో చాలాకాలంగా పేరున్నది. కోటలో, విక్టోరియా ఆస్పత్రి పక్కన ఉన్న ప్రభుత్వ దంత కళాశాలలో క్లిప్పుల విభాగం ఉంది, ఖర్చు ప్రైవేటు కంటే చాలా తక్కువ. హైదరాబాద్‌లో బంధువులున్న వారికి అక్కడి జి.ఎస్.ఆర్. ఆస్పత్రి ఈ పనికే ప్రత్యేకించినది. స్మైల్ ట్రైన్ అనే సంస్థ 2000 నుంచి మన దేశంలో తన భాగస్వామ్య ఆస్పత్రుల ద్వారా ఉచితంగా ఆపరేషన్లు చేయిస్తోంది. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలోనూ చీలిక పెదవి, అంగిలి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు వర్తిస్తుంది. అంగన్‌వాడీలో గాని, ప్రభుత్వ బడికి వచ్చే ఆరోగ్య బృందాన్ని గాని అడిగితే జిల్లా కేంద్రానికి రాసి పంపుతారు. ఊళ్లో ఉన్న మీ బంధువులకు ఈ మాట చేరవేయండి.

ఒక చీలిక పెదవి పాప కథతో తీసిన స్మైల్ పింకీ అనే చిన్న చిత్రానికి 2009లో ఆస్కార్ వచ్చింది. పెదవి కుట్టిన బిడ్డ అద్దం చూసుకుని నవ్వితే కథ అయిపోయినట్టే చూసేవారికి అనిపిస్తుంది. ఆ నవ్వులో పళ్లు వచ్చేసరికి రెండో కథ మొదలవుతుంది, దాని మీద ఎవరూ సినిమా తీయరు! పెదవి ఉచితంగా కుట్టించుకున్న చాలా కుటుంబాలు మళ్లీ ఆ ఆస్పత్రి గడప తొక్కవు. మీరు ఎక్కడ కుట్టించారో అక్కడికే ముందు వెళ్లి అడగండి. పాత కాగితాలు అక్కడ ఉంటే మీకూ సులువు, వారికీ సులువు.

టానరీ రోడ్డు తల్లికి నేను మందు రాయలేదు. పాప పై పెదవి ఎత్తి చూపించి, ఎముక లేని చోటును ఆమె వేలితోనే తడిమించాను. పాప పుట్టిన తేదీ, పెదవి ఆపరేషన్ తేదీ, అంగిలి ఆపరేషన్ తేదీ, ఎన్ని పాలపళ్లు ఊడాయి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అనేవి ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. పుచ్చిన దవడపన్ను ఒకటి ఉంది, ముందు దాన్ని నింపించుకోమన్నాను. వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా ఆస్పత్రికి వెళ్తామని, దుకాణం ఒక పూట మూసి పాప అబ్బా కూడా వస్తారని చెప్పింది. వెళ్తూ వెళ్తూ పాప నన్ను అడిగింది, "క్లిప్పులు రంగువి ఉంటాయట కదా, ఆకుపచ్చవి దొరుకుతాయా?" అని. దొరుకుతాయి. క్లిప్పుల మీద బిగించే చిన్న రబ్బరు చుట్లు అన్ని రంగుల్లోనూ ఉంటాయి. కానీ అవి ఆమెకు ఇంకో నాలుగేళ్ల తర్వాత.